నర్సమ్మ ఉడికించిన మట్టి

2023 వానాకాలం. నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో నాది విత్తనాలు, ఎరువుల దుకాణం. ఒక పొద్దున ఆబిడ్స్ వైపు నుంచి ఒక రిటైరైన నర్సు గులాబీ కుండీని చంటిపిల్లలా పొదివి పట్టుకుని వచ్చింది. మొక్కకు ఉన్నవే నాలుగు ఆకులు, అవీ పాలిపోయాయి.

"మా ఆయన పెట్టిన చెట్టు కొమ్మ అన్నా ఇది. కిరాయింటి ముంగట ఉండె. ఓనరు ఇల్లు కూలగొట్టిండు, చెట్టూ పోయింది. గీ ఒక్క కొమ్మే మిగిలింది. నవంబరుల సమాధుల పండుగకు ఆయన సమాధి మీద ఈ చెట్టు పువ్వే పెట్టాలె."

ఎరువులన్నీ వేసిందట. మట్టి సంగతి అడిగితే మాత్రం ఆమె ముఖం వెలిగింది.

"క్రిములుంటయని ఇడ్లీ కుక్కర్ల ఉడకబెట్టిన. వారానికోసారి నీళ్లల్ల జర ఫినాయిలు గూడ కలుపుతున్న."

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "మట్టికి ఆపరేషన్ చేస్తున్నరా అమ్మా?" అన్నాను. ఆమె కళ్లలో నీళ్లు చూసి కుండీ నేనే అందుకున్నాను.

లోపలి నుంచి రెండు ప్యాకెట్లు తెచ్చాను. ఒకటి వ్యామ్, అంటే వేళ్లలో కాపురముండే శిలీంధ్రం. రెండోది పీఎస్‌బీ, భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా.

ఆమె వెనక్కి జరిగింది. "ఒకటి బూజు, ఒకటి జబ్బు. నౌకరీ అంతా గీటిని చంపుడే కదన్నా నా పని."

"జబ్బు చేసే జాతి కాదమ్మా ఇది. వేళ్లు పోలేనంత దూరం శిలీంధ్రం దారాలు పోతయి. మట్టిల భాస్వరం గట్టిగ అతుక్కొని ఉంటది. దారాల మీదుండే బ్యాక్టీరియా దాన్ని కరిగిస్తది, దారం మోసుకొచ్చి చెట్టుకిస్తది. చెట్టు ఊకనే తీసుకోదు. ఆకుల్ల చేసిన చక్కెర దారానికి పెడ్తది, దారం అండ్లకెల్లి బ్యాక్టీరియాకు పెడ్తది. మీ కుండీల గిప్పుడు మొక్క ఒక్కటే ఉన్నది."

"నా లెక్కనే" అంది ఆమె. అనవసరంగా అన్నానే అని బాధపడ్డాను.

ఉడకని మట్టిలో పశువుల ఎరువు కలిపి మొక్కను మార్చాను. ప్యాకెట్లలోని పొడి వేళ్లకు తగలాలని, మట్టి కప్పే ముందే ఆమెను చల్లమన్నాను. చెంచా అడిగింది. చేత్తోనే చల్లమంటే వేలికొసలతో చల్లి, వెంటనే సంచిలోంచి శానిటైజర్ తీసింది. ఫినాయిలు బంద్ అని ఒట్టు వేయించుకున్నాను.

అప్పటి నుంచి, ఎవరొచ్చినా ప్యాకెట్ ఇచ్చే ముందు మట్టిని ఏం చేశారో అడుగుతున్నాను. చంపేవాటిని ఆపకుండా బతికేవాటిని అమ్మి లాభం లేదు.

నవంబరులో పండుగ మర్నాడు ఆమె మళ్లీ వచ్చింది. గోళ్లలో మట్టి ఉంది.

"ఒక్కటే పూసింది అన్నా. తీస్కపోయి పెట్టిన. చెట్టుకెల్లి ఇంకో కొమ్మ కోసి ఆయన పక్కనే నాటిన" అంది. గోళ్లు చూపిస్తూ, "సమాధి కాడి మట్టిని మాత్రం ఏం చెయ్యలే" అంది.