ఫిట్టర్ సంతకం: బల్లారట్ దారిలో ఒక ఆదివారం

ఈ మధ్య మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో మా వీధివాళ్ళు ఇద్దరు ముగ్గురు, పిల్లలతో ఒక్కరోజులో వెళ్ళి రాగలిగే ప్రయాణం ఏదైనా చెప్పమని అడిగారు. బల్లారట్ అనగానే అందరూ బంగారు గనుల గురించి చెబుతారు. నాకు మాత్రం ఆ దారి పేరు వింటే 1999 ఆగస్టులో, ఇక్కడి శీతాకాలం చివర్లో వచ్చిన ఒక ఆదివారం గుర్తొస్తుంది. ఇంతకాలం దాన్ని రాయలేదు, ఎందుకంటే ఆ రోజు నేను ప్రవర్తించిన తీరు చెప్పుకోదగ్గది కాదు.

అప్పటికి నేను మెల్‌బోర్న్ వచ్చి ఏడు నెలలు. కంప్యూటర్లలో రెండు వేల సంవత్సరం తేదీలు సరిచేసే వై టూ కే పని కోసం వచ్చిన వందలమందిలో ఒకడిని. ఫుట్‌స్క్రేలో మసాలా దినుసుల దుకాణం నడిపే ఖాదర్ అంకుల్ ఇంటి వెనక గదిలో అద్దెకుండేవాణ్ణి. ఆయనది కర్నూలు. ఆస్ట్రేలియా వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా మాటలో యాస పోలేదు. నేను లైబ్రరీ నుంచి రెండో ప్రపంచ యుద్ధం పుస్తకాలు తెచ్చుకుని చదివేవాణ్ణి. భోజనాల దగ్గర ఆయనకు యుద్ధవిమానాల గురించి ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. ఒకరోజు ఆయనే అడిగారు: "సూర్యం, బల్లారట్ అవతల పాత ఏరోడ్రోమ్‌లో యుద్ధం నాటి మ్యూజియం ఉందంట. నువ్వు చదివినోడివి గదా, నాతో వస్తావా? నాకు ఒక సంగతి తెల్సుకోవాల్సి ఉంది." ఏ సంగతని నేను అడగలేదు. చదివినోడివి అన్న మాట దగ్గరే ఆగిపోయాను.

ఉదయం ఎనిమిదికి ఆయన పాత కారులో బయలుదేరాం. వెస్టర్న్ హైవే ఎక్కి గంటలోపే బాకస్ మార్ష్ చేరాం. బేకరీలో కాఫీ తీసుకున్నాం. కౌంటర్ దగ్గరున్నామె మేం వెళ్ళే చోటు విని, "జోన్ ఉంటే అదృష్టమే. ఆమె చెప్పడం మొదలుపెడితే సాయంత్రం దాకా కదలరు" అంది. ఆంటీ కట్టిచ్చిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు కారు బానెట్ మీద పెట్టుకుని తిన్నాం. అక్కడి నుంచి రోడ్డు ఎత్తెక్కుతుంది, చలి కూడా పెరుగుతుంది. స్వెటర్ వెనక సీట్లో కాదు, చేతికందేలా పెట్టుకోవాలి. బల్లారట్ దాటాక అరగంట ప్రయాణం. పదకొండు కావొస్తుండగా చేరాం.

మ్యూజియం అంటే పెద్ద భవనం ఊహించుకోకండి. గడ్డి మొలిచిన రన్‌వే పక్కన రెండు రేకుల షెడ్లు, తలుపు దగ్గర విరాళాల డబ్బా. అక్కడ అన్నీ చూపించే జోన్‌కు డెబ్బై అయిదేళ్ళు ఉంటాయి. యుద్ధకాలంలో టౌన్స్‌విల్‌లోని వైమానిక దళ ఏరియా ప్రధాన కార్యాలయంలో టెలిప్రింటర్ మీద పనిచేశానని చెప్పింది. మాతోపాటు ఇంకో కుటుంబం ఉంది. ఎవరి కింద ఎవరో గీసిన గోడ మీది పెద్ద పటం ముందుకు అందర్నీ తీసుకెళ్ళింది. అన్నిటికంటే పైన ప్రభుత్వం, ఈ ప్రాంతంలో మిత్రదేశాల సైన్యాలన్నిటికీ అధిపతి అయిన అమెరికన్ జనరల్. వాళ్ళ కింద దేశాన్ని ముక్కలుగా పంచుకున్న ఏరియాలు, తర్వాత ఒకదానికంటే ఒకటి చిన్నవైన విమాన దళాలు: వింగ్‌లు, స్క్వాడ్రన్‌లు, ఫ్లైట్‌లు.

"అసలు తలనొప్పి ఇక్కడ," అని ఆమె పటం మీద పక్కపక్కనున్న రెండు గడులు చూపించింది. "విమానాలు ఏ లక్ష్యం మీదికి వెళ్ళాలో చెప్పేది ఒకాయన. మనుషుల్ని, విడిభాగాల్ని, బదిలీల్ని చూసేది ఇంకొకాయన. ఇద్దరికీ పడేది కాదు. పొద్దున ఒకాయన ఆర్డరు నా మెషీన్ మీద వచ్చేది, మధ్యాహ్నం దానికి అడ్డంగా రెండో ఆయనది వచ్చేది. రెండూ నేనే టైపు చేసేదాన్ని. మధ్యలో నలిగిపోయింది స్క్వాడ్రన్‌లలో ఉన్న కుర్రాళ్ళు."

నేను ఆగలేకపోయాను. ఏ సంవత్సరంలో అధికారం ఎలా చీలిందో, ఎవరి హోదా ఎంతో, పుస్తకంలో చదివినదంతా చెప్పడం మొదలుపెట్టాను. ఆమె మాటకు రెండుసార్లు అడ్డుపడ్డాను. అక్కడే ఉండి చూసిన మనిషికి నేను పాఠం చెబుతున్నానన్న స్పృహ కూడా లేదు. ఆమె ఓపిగ్గా తలూపింది.

అప్పుడు ఖాదర్ అంకుల్ చెయ్యెత్తారు, బళ్ళో పిల్లాడిలా. "మేడమ్, ఇంజిన్ చూసే ఫిట్టర్ ఈ పటంలో ఎక్కడుంటాడు?" అని ఇంగ్లీషులో అడిగారు.

నేను నవ్వాను. గట్టిగానే. "అంకుల్, ఇది కమాండ్ చార్ట్. ఇందులో మెకానిక్‌లు ఉండరు" అని తెలుగులో అని, అంతటితో ఆగక జోన్ వైపు, ఆ కుటుంబం వైపు తిరిగి ఇంగ్లీషులో, "సారీ, ఆయన దీన్ని గ్యారేజీ అనుకుంటున్నారు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. అంకుల్ చెయ్యి నెమ్మదిగా కిందికి దిగింది.

జోన్ నన్ను చూడలేదు. ఆయన్నే చూస్తూ, "ఎందుకు అడుగుతున్నారు?" అంది.

ఆయన పటం దగ్గరికి రెండడుగులు వేశారు. తర్వాత చెప్పారు. వాళ్ళ నాన్న యుద్ధకాలంలో భారత వైమానిక దళంలో ఫిట్టర్. బర్మా సరిహద్దు దగ్గర పనిచేశాడు. ఒక ఉదయం ఒక విమానం ఇంజిన్ శబ్దం నచ్చక, అది ఎగరడానికి పనికొస్తుందని సంతకం పెట్టనన్నాడు. ఆఫీసరు అరిచాడు. అయినా పెట్టలేదు. దాంతో నాన్న చేతి మీది హోదా పట్టీ పీకేశారు. "పై అధికారి మాట వినలేదని మా ఇంట్లో అందరూ ఆయన్ని తప్పు పట్టినారు. ఆయనకు ఆ హక్కు ఉండేనా లేదా? అదే తెల్సుకుందామని వచ్చినాను."

జోన్ మూలనున్న గాజు పెట్టె తెరిచి, పసుపుబారిన ఒక ఫారం బయటికి తీసింది. విమానం ఎగిరే ముందు ప్రతిరోజూ నింపే కాగితం అది. ఇంజిన్ చూసినవాడి సంతకం, బాడీ చూసినవాడి సంతకం, అన్నిటికంటే కింద పైలట్ సంతకం. "మీ నాన్నగారి స్క్వాడ్రన్ సంగతి నేను చెప్పలేను. కానీ మీవాళ్ళూ మావాళ్ళూ పని నేర్చుకుంది బ్రిటిష్‌వాళ్ళ దగ్గరే. ఇక్కడైతే పైన ఎంతమంది కమాండర్లు కొట్టుకున్నా, పైలట్ తన పేరు రాసేముందు చూసేది ఫిట్టర్ పేరే. నచ్చకపోతే పెట్టకూడదు. అది ఎదురు చెప్పడం కాదు, అదే అతని ఉద్యోగం."

అంకుల్ ఆ కాగితాన్ని ముట్టుకోవచ్చా అని అడిగారు. ముట్టుకున్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయారు.

ఆయన వెనకే వెళ్ళే ధైర్యం రాలేదు నాకు. ఆ ఫారం ముందే నిలబడ్డాను. నా సిగ్గుకు ఇంకో కారణం కూడా ఉంది. అది అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మా బృందం మందులు సరఫరా చేసే ఒక సంస్థకు ప్రోగ్రాములు సరిచేస్తోంది. ఏ మందు గడువు ఎప్పుడు తీరుతుందో లెక్కగట్టే భాగం నాది. రెండు వేల సంవత్సరం ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిని అది సరిగ్గా గుర్తిస్తుందో లేదో పరీక్షించాలి. శుక్రవారానికి ముగించమని మా మేనేజరు గ్రహమ్ అన్నాడు. పరీక్షకు మెషీన్ సోమవారం దాకా దొరకదని అవతలి సంస్థవాళ్ళు అన్నారు. ఇద్దరిలో ఎవరితోనూ వాదించలేదు నేను. చెయ్యని పరీక్ష చేసినట్టు శుక్రవారం సాయంత్రం సంతకం పెట్టేశాను. అలా అందరూ చేస్తారనీ, కోడు సరిగ్గానే ఉందనీ నాకు నేనే చెప్పుకున్నాను.

కారు దగ్గర అంకుల్ బానెట్‌కు ఆనుకుని నిలబడి ఉన్నారు. "అంకుల్, అందరి ముందూ అలా అన్నాను. తప్పయిపోయింది" అన్నాను.

ఆయన రన్‌వే వైపు తిరిగారు. "నువ్వు ఈ పొద్దు ఒక్కసారి నవ్వినావప్పా. నేను మా నాయన పోయేదాకా నవ్వినాను. పట్టీ నిలుపుకోలేనోడివి, నాకు బుద్ధి చెప్తావా అని ఆయన మొహం మీదనే అన్నాను. ఆయన ఒక్కనాడూ మారుమాట చెప్పలా." కారు తాళాలు తీస్తూ, "పదప్పా, చలిగుంది" అన్నారు.

తిరుగు దారిలో, బల్లారట్ పెట్రోలు బంకు దగ్గర ఆపమన్నాను. పబ్లిక్ ఫోన్ నుంచి గ్రహమ్‌కు ఫోన్ చేసి, శుక్రవారం పెట్టిన సంతకం అబద్ధమని చెప్పాను. "ఆదివారం మధ్యాహ్నం ఎందుకు చెబుతున్నావు?" అన్నాడు. రేపటిదాకా ఆగితే చెప్పలేనేమోనన్నాను. ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు పరీక్ష చేస్తే ప్రోగ్రాము ఫిబ్రవరి ఇరవై ఎనిమిది తర్వాత నేరుగా మార్చి ఒకటికి దూకింది. మూడు రోజుల్లో సరిచేశాం. నా సంతకానికి విలువ పోయింది. ఆ తర్వాత నా ప్రతి పనినీ ఇంకొకరు సరిచూసేవారు. డిసెంబరులో కాంట్రాక్టు పొడిగించలేదు. అందులో అన్యాయం ఏమీ కనబడలేదు నాకు. అంకుల్ మాత్రం కొత్త ఉద్యోగం దొరికేదాకా గది ఖాళీ చెయ్యమనలేదు. ఆ ఆదివారం మాట మళ్ళీ ఎత్తలేదు కూడా. ఎత్తి తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. పుస్తకాల్లో నేను చదివినవన్నీ పైవాళ్ళ కథలు. ఎవరు ఎవరికి ఆర్డరిచ్చారో నోటికొచ్చు. ఇంజిన్ కింద పడుకుని వినేవాడి గురించి ఆయన అడిగితే, ఆ ప్రశ్న విలువ తెలియనిది ఆ గదిలో నా ఒక్కడికే.

ఆ షెడ్లు ఇప్పుడు మూతపడ్డాయి. కానీ ఆ చుట్టుపక్కల పాత ఏరోడ్రోమ్‌లలో ఇలాంటి చిన్న మ్యూజియంలు ఇంకా ఉన్నాయి. నడిపేది స్వచ్ఛందంగా వచ్చే పెద్దవాళ్ళు కాబట్టి తెరిచే వేళలు మారుతుంటాయి. ముందురోజే ఫోన్ చేసి కనుక్కుని బయలుదేరండి. మీ ఇంట్లో ఎవరైనా సైన్యంలో పనిచేసి ఉంటే వాళ్ళ పేరు, చేసిన పని ఒక కాగితం మీద రాసుకెళ్ళండి. అక్కడికి చేరాక, మీతో వచ్చిన పెద్దవాళ్ళను ముందు మాట్లాడనివ్వండి.