కొన్న ధర

మా బాబాయి గడియారాలు బాగుచేస్తాడు. చేతికి ఎంత ఓర్పో బుర్రకు అంత మొండితనం. మూడో అంతస్తులోని తన కొట్టును, లిఫ్టు పెడతామన్న మాట నమ్మి ఎక్కువ ధరకు కొన్నాడు. లిఫ్టు కోసం వదిలిన సందులో ఇప్పుడు కాపలాదారు చీపుర్లు పెట్టుకుంటున్నాడు.

ఎవరైనా ఆ కొట్టు కొంటామని వస్తే తను కొన్న ధరే చెప్పేవాడు. అంతకు పైసా తగ్గడు. తగ్గించి అమ్మితే నష్టమట, అమ్మకుండా ఈగలు తోలుకుంటే నష్టం కాదట. ఇదెక్కడి లెక్కని పోట్లాడితే, లిఫ్టు వచ్చిన రోజున నువ్వే నాలుక కరుచుకుంటావనేవాడు.

పిన్నికి మోకాలు అరిగిపోయింది. ఆపరేషన్ తప్పదన్నాడు డాక్టరు. సరిగ్గా అప్పుడే, కింది అంతస్తు ట్యూషన్ మాస్టారు సామాను పెట్టుకోవడానికి కొట్టు అడిగాడు. ఆయనిచ్చే డబ్బుతో ఆపరేషన్ అయిపోయి, వీధిలో చిన్న కొట్టుకు అడ్వాన్సు కూడా మిగులుతుంది. బాబాయి మాత్రం ఇంకొంచెం ఆగుదామన్నాడు. పిన్ని సరేనంది. ఆవిడ దేనికైనా సరేననే అంటుంది, నాకు ఒళ్లు మండేది అందుకే.

దుమ్ము పడుతుందని విప్పిన గడియారాన్ని వదిలి బాబాయి కదలడు. అందుకని మధ్యాహ్నం క్యారియర్ పిన్నే తెచ్చేది. ఆలస్యమైతే, రెండో అంతస్తు గుండీల కొట్టావిడతో కబుర్లలో పడ్డాననేది.

ఒకరోజు నేనూ కొట్లో ఉన్నాను. మెట్ల మీద పిన్ని గొంతు వినబడుతోంది, మనిషి మాత్రం రావడం లేదు. గుండీలావిడ దొరికినట్టుందని బాబాయి నవ్వాడు. ఆ కొట్టు మూసేసి ఏడాది అయిందని చెప్పాను. పొద్దున అందరికంటే ముందొచ్చి రాత్రి అందరి తర్వాత వెళ్లే మనిషికి ఏ షట్టరైనా దించే కనిపిస్తుంది మరి.

బాబాయి లేచాడు. విప్పిన గడియారం మీద అద్దం మూత కూడా పెట్టలేదు.

మలుపు దగ్గర పిన్ని మెట్ల కమ్మీ పట్టుకుని, వంగి మోకాలు నిమురుకుంటోంది. "ఇంకొక్క మలుపే తల్లీ, ఎక్కించెయ్" అని దాన్ని బతిమాలుతోంది. మమ్మల్ని చూసి దొంగలా దొరికిపోయింది.

బాబాయి క్యారియర్ అందుకున్నాడు. ఎన్నాళ్లనుంచి ఇలా అని అడిగాడు.

"ఇంకొంచెం ఆగుదామన్నారు కదా," అంది పిన్ని. "ఆగుతున్నాను."

అందులో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేదనిపించింది. బాబాయి ఆవిణ్ణి మెట్టు మీద కూర్చోబెట్టి, కాసేపు ఆ మోకాలి మీద చెయ్యి వేసి ఉండి, కిందికి దిగాడు. నేను వెనకే వెళ్లాను.

అవసరం పసిగట్టిన మాస్టారు మొన్న చెప్పినదానికి ఇంకా కోత పెట్టాడు. నేను నోరు తెరిచేలోపే బాబాయి ఒప్పేసుకున్నాడు. బయటికి రాగానే ఆపుకోలేకపోయాను. మొన్న ఒప్పుకుని ఉంటే ఎంతొచ్చేదో, ఇప్పుడెంత నష్టమో లెక్కలు చెప్పడం మొదలుపెట్టాను.

"నష్టమేరా," అన్నాడు బాబాయి. "పద, మీ పిన్ని ఇంకా మెట్ల మీదే ఉంది. ముందు కిందికి దింపుదాం."