గుట్ట మీది సున్నపు రాళ్లు

నా కొడుకు కుడి భుజంలో గొడ్డలి దిగింది మంగళవారం, ఉదయం పదింబావుకు. కొట్టింది నా మరిది. అందుకు కారణమైన రాళ్లు పాతింది పన్నెండు రోజుల ముందు, గురువారం. రెండూ నా నోటుపుస్తకంలో ఉన్నాయి. వాన పడిన రోజు, విత్తిన రోజు, బావిలో నీళ్లు ఎన్ని మెట్లు దిగాయో రాసుకోవడం పెళ్లయిన ఏడాది నుంచి నాకు అలవాటు.

ఆ గురువారం వేంపల్లె వైపు నుంచి సర్వే వాళ్లు ముగ్గురు జీపులో వచ్చారు. గుట్ట పైన ఒక చెరువు, కింద ఒక చెరువు కట్టి కరెంటు తీయడానికి ఆ చోటు పనికొస్తుందా, ఎంత ఖర్చవుతుంది అని చూడటం వాళ్ల పని. వాళ్లలో పెద్దాయనకు మజ్జిగ ఇచ్చి అడిగాను.

“నీళ్లు పైకెక్కించేదానికే కరెంటు గావాల గదప్పా. మిగిలేదేముండాది?”

“పగలు ఎండ కరెంటు మిగుల్తాదమ్మా. దాంతో ఎక్కించి, సాయంత్రం అందరికీ కావాల్సినప్పుడు కిందికి వదుల్తాం.”

“నూరు పెట్టి ఎక్కిస్తే, దిగేటప్పుడు నూరూ వస్తాదా?”

“రాదు. కొంత పోతాది.”

“పోయింది రాస్తారా లెక్కలో?”

“రాయకుంటే నా ఉద్యోగం పోతాదమ్మా!” అని నవ్వాడు.

కింద బండ గట్టిదో, నీళ్లు ఇంకిపోతాయో తెలియాలంటే బోరు వేసి చూడాలి. ఎక్కడ వేయాలో గుర్తుగా రాళ్లు పాతి సున్నం పూశారు. మూడు రాళ్లు గుట్ట మీద మా చేను పక్కనున్న మరిది చేనులో పడ్డాయి, మా గట్టు నుంచి ఏడడుగులు అతని వైపుకు, వరసగా. మా దగ్గర చేని హద్దురాయికి పూసేదీ సున్నమే. హద్దు జరిపినవాణ్ణి ఇక్కడ పంచాయితీకి పిలవరు, నరుకుతారు. అది నాకు తెలుసు. “మూడు రాళ్లు, మరిది చేను, బోరు కోసం” అని రాసుకున్నాను.

మరిది అప్పుడు ఇంటిల్లిపాదితో డోన్‌లో మూటలు మోసే పనికి పోయి ఉన్నాడు. ఆ గట్టు తగువుతోనే రెండిళ్లకూ ఆరేళ్లుగా మాటల్లేవు. అతని ఫోన్ నంబరు నా పుస్తకం చివరి పేజీలో ఉంది.

మంగళవారం బస్సు దిగి, కంప కొట్టే గొడ్డలి భుజాన వేసుకుని చేను చూసుకోవడానికి వచ్చాడు. పక్కన మా కందిలో నేను, నా కొడుకు కలుపు తీస్తున్నాం.

“ఏమిరా, నేను సచ్చినాననుకుంటిరా? ఏడడుగులు మింగితిరి గదరా!”

“మింగేదానికి నీ చేన్లో ఏముండాది చిన్నాయనా, రాళ్లు తప్ప?” నా కొడుకు నవ్వాడు.

మొదటి దెబ్బ గొడ్డలి కర్రతో, నోటి మీద. రెండు పళ్లు ఊడిపడ్డాయి. రెండో దెబ్బ అంచుతో. ఎముక విరిగిన చప్పుడు ఎండుకట్టె విరిగినట్టే ఉంది. మూడోసారి ఎత్తాడు. నేను చేతికందిన రాయి తీసుకుని అతని మోకాలి చిప్ప మీద కొట్టాను. పడ్డాక కూడా కొట్టాను. ఎన్నిసార్లో నా దగ్గర లెక్క లేదు.

స్టేషన్‌లో ఎస్సై రాళ్ల సంగతి అడిగితే పుస్తకం తెరిచి చదివాను. మరిది కాలికి కట్టుతో బల్ల మీద ఉన్నాడు.

“బోరు కోసమా?” అన్నాడు. పుస్తకం వైపు చూసి, “నా నంబరు ఉండాదా వదినా, నీకాడ?”

“ఉండాది.”

అతను తల గోడ వైపు తిప్పుకున్నాడు.

నాలుగు నెలలకు సర్వే పెద్దాయన మళ్లీ వచ్చాడు. లోపల బండంతా పగుళ్లట, నీళ్లు నిలవవట, అడుగంతా సిమెంటు పరిస్తే ఖర్చు కిట్టదట. వేరే గుట్ట చూసుకున్నారు. నా కొడుకును చూసి, “చెయ్యి ఎంతదాకా లేస్తాదమ్మా?” అని అడిగాడు.

“రొమ్ముదాకా,” అన్నాను.

జీపు పోయాక గడ్డపార తీసుకుని పోయి మూడు రాళ్లూ పెకలించి వాగులోకి దొర్లించాను. ఇంటికొచ్చి పుస్తకం తీశాను. ఆ గురువారం వరస చివర కొంచెం ఖాళీ ఉంది. అందులో “మరిదికి చెప్పలేదు” అని రాశాను.