కింది మెట్టు మావయ్య

మావయ్యకు ఉన్న పేచీ ఒక్కటే: సర్కారు ఆఫీసులో మెట్లెక్కడు.

ఎక్కలేక కాదు. రెండో ఏట పోలియో వచ్చి కుడికాలు ఎండిపోయినా, చంకలో కర్ర పెట్టుకుని మూడో అంతస్తులోని తన కుట్టు గదికి రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగుతాడు. బట్ట ఇచ్చినవాళ్ళు కొలత చెప్పడం మరిచి వెళ్ళిపోతే, వాళ్ళు వీధి మలుపు తిరిగేలోగా దిగి పట్టుకుంటాడు. అదే మనిషి, వికలాంగుల కోటాలో ఉద్యోగానికి సర్టిఫికెట్లు చూపించమని పిలుపొస్తే మాత్రం, ఆ ఆఫీసుకు పోయి మొదటి మెట్టు మీద చతికిలబడతాడు. తను వచ్చానని పైన చెప్పమంటాడు. పైవాళ్ళు దిగొస్తే సరి. రాకపోతే గైర్హాజరు.

ఇలా మూడు ఉద్యోగాలు పోయాయి. వీధిలో ఆయనకు కింది మెట్టు మావయ్య అని పేరు పడింది. ఇంటి మెట్లెక్కుతూ కనిపిస్తే చాలు, ఇది ప్రైవేటు మెట్టా అని ఎవరో ఒకరు అడుగుతారు. అవును, అందుకే ఎక్కుతున్నానని ఆయన జవాబు.

ఆయన అక్కకు మాత్రం నవ్వు రాదు. ఆమె కొడుకు డిగ్రీ రెండో ఏడు మధ్యలో వదిలేసి తిరుగుతున్నాడు. "ఇంట్లో ఒకడు మెట్లెక్కడు, ఇంకొకడు కాలేజీ గడప తొక్కడు," అని ఇద్దరికీ ఒకేసారి వడ్డిస్తుంది.

నాలుగో పిలుపు వచ్చింది. రికార్డు అసిస్టెంటు పోస్టు. వచ్చే నెలతో మావయ్యకు వయసు దాటిపోతుంది కాబట్టి ఇదే ఆఖరు. ఎత్తుకునైనా పైకి తీసుకెళ్ళమని అక్క తన కొడుకును వెంట పంపింది.

పరిశీలన రెండో అంతస్తులో, ఒంటిగంట దాకా. లిఫ్టు ఉంది. దాని తలుపుకు అడ్డంగా పాత ఫైళ్ళ మూటలు మనిషెత్తు పేర్చి ఉన్నాయి. మావయ్య పదింటికల్లా మొదటి మెట్టు మీద సర్దుకున్నాడు. 'హాజరయ్యాను, మొదటి మెట్టు మీద ఉన్నాను' అని కాగితం రాసి, కింద ఉత్తరాలు తీసుకునే గుమస్తా చేత ముద్ర వేయించి పైకి పంపాడు. పదకొండింటికి ఇంకోటి పంపాడు. అందులో 'ఇంకా ఉన్నాను' అని ఉంది.

మేనల్లుడికి ఒళ్ళు మండింది.

"మావయ్యా, ఈ ఒక్కసారికి ఎక్కు. ఎవరూ చూడరు."

"చూడాలనే కూర్చున్నాన్రా."

"ఇది పోతే ఇంకోటి లేదు. తెలుసా?"

"తెలుసు. వయసు నాదే కదా."

చంకల్లో చేతులు వేసి లేపబోయాడు. మావయ్య రెయిలింగును కౌగిలించుకున్నాడు. వాడు విసురుగా గేటు దాకా వెళ్ళిపోయాడు.

గేటు నీడలో చక్రాల కుర్చీలో ఒకామె ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. ఒళ్ళో ఫైలు. పక్కన వాళ్ళమ్మ. గట్టివాళ్ళు ఇద్దరు దొరికితే కుర్చీతో సహా ఎత్తించుకోమని వాచ్‌మన్ సలహా ఇచ్చాడట. రెండో మనిషి దొరికితే తనో చెయ్యి వేస్తానన్నాడు మేనల్లుడు.

"వద్దు తమ్ముడూ. ఒకసారి ఇద్దరు ఎత్తారు. మెట్ల మధ్యలో ఒకాయనకు తుమ్మొచ్చింది," అని మోచేతి మీది కుట్ల మచ్చ చూపించింది. "అయినా ఆ కర్రాయన కూర్చున్నారుగా. వాళ్ళే దిగుతారు."

"ఆయన నీకు తెలుసా అక్కా?"

నిరుడు ఇంకో ఆఫీసులో కలిశారట. ఆయన కూర్చుంటేనే అధికారులు దిగారు. అప్పటికే సమయం దగ్గరపడింది. ముందు ఈమెవి చూడమని ఆయన పట్టుబట్టాడు. ఈమెవి అయ్యేసరికి గడువు ముగిసింది. ఆయన పేరు పక్కన గైర్హాజరు పడింది.

"ఆ ఉద్యోగం నీకొచ్చిందా?"

"రాలేదు. మార్కులు చాల్లేదు." ఆమె ఫైలు అంచు సరిచేసుకుంది. "కానీ మార్కులు చాలక పోయింది, మెట్ల వల్ల పోలేదు."

మేనల్లుడు తిరిగొచ్చాడు. "కొంచెం జరుగు" అని ఆ మెట్టు మీదే పక్కన కూర్చున్నాడు.

నాలుగో కాగితం వెళ్ళాక, పన్నెండూ నలభైకి, పైన కదలిక వచ్చింది. ఇద్దరు అటెండర్లు టేబులూ కుర్చీ మోసుకొచ్చి, దింపీ దింపగానే భోజనానికి వెళ్ళిపోయారు. వెనకే భారీ మనిషి, ఆఫీసరు, మోకాళ్ళు పట్టుకుంటూ ఒక్కో మెట్టూ దిగాడు. కుర్చీలో కూలబడి, జేబు తడుముకుని నీరసపడ్డాడు. కళ్ళజోడు పైనే ఉండిపోయింది.

మేనల్లుడు లేచేలోపే మావయ్య ఐదో మెట్టు మీదున్నాడు. కర్ర టకటకలాడుతూ పైకి పోయింది, అంతే జోరుగా కిందికి వచ్చింది. కళ్ళజోడు చొక్కాకు వేలాడుతోంది.

"అయితే మీరు ఎక్కగలరన్నమాట," అన్నాడు ఆఫీసరు.

"ఎక్కగలనండీ."

"మరి పొద్దుటి నుంచి ఈ కాగితాలేమిటి?"

మావయ్య బదులుగా చక్రాల కుర్చీని టేబులు దగ్గరికి జరిపించాడు. "ముందు ఈవిడవి చూడండి సార్."

ఆఫీసరు చక్రాల కుర్చీని చూశాడు, మెట్లను చూశాడు, లిఫ్టు ముందు మూటలను చూశాడు. కళ్ళజోడు పెట్టుకుని ఆమె కాగితాలు ఒక్కొక్కటీ ముందూ వెనకా తిప్పి చదివాడు. ఆఖరి దాని మీద సంతకం పడేసరికి గోడ గడియారంలో ఒంటిగంట దాటి రెండు నిమిషాలు.

ఆఫీసరు కూడా మణికట్టు ఎత్తి చూసుకున్నాడు. తర్వాత నిదానంగా చొక్కా చెయ్యి వాచీ మీదికి లాగి బొత్తాం పెట్టుకున్నాడు. గోడ వైపు వీపు తిప్పి కూర్చున్నాడు.

"వాచీ కూడా పైనే మర్చిపోయినట్టున్నాను. టైమెంతయిందో ఏమో. ఇవ్వండి మీవి."

మావయ్య వెంటనే కర్ర అందుకున్నాడు. "ఒక్క నిమిషం సార్, తెచ్చేస్తాను."

"కూర్చోవయ్యా బాబూ," అన్నాడు ఆఫీసరు.

మేనల్లుడు ఆ కర్ర లాక్కుని తన వీపు వెనక దాచేశాడు.