రాయబారి లేని కారు

మా నాన్నను వీధిలో అందరూ ‘రాయబారిగారు’ అనేవారు. నిజానికి ఆయన రాయబారి కారు నడిపే డ్రైవరు. అమ్మ కూడా వదిలేది కాదు. “రాయబారిగారూ, చర్చలు ముగిస్తే కాస్త కూరగాయలు తెచ్చిపెడతారా?” అనేది. నాన్న మీసం సవరించుకుని సంచీ అందుకునేవాడు.

యుద్ధం వచ్చాక ఆ వేళాకోళం చేదెక్కింది. నాన్న పనిచేసేది పొరుగు దేశపు రాయబార కార్యాలయంలో. యుద్ధం ఆ దేశంతోనే. సైన్యంలో ఉన్న మా చిన్నాన్న, ఊళ్ళోని మరికొందరితో పాటు, సరిహద్దులో వాళ్ళకు పట్టుబడ్డాడు. ఆ వెంటనే వాళ్ళ ప్రభుత్వం రాయబారిని వెనక్కి పిలిపించుకుంది. ఆయన్ని విమానాశ్రయంలో దించి వచ్చిన నాన్న, బూట్లయినా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు.

“వాడి గురించి అడగడానికి ఇక ఇక్కడ ఎవరూ లేరే,” అన్నాడు అమ్మతో.

కార్యాలయానికి తాళం పడింది. కాపలావాడూ కారూ నాన్నా మిగిలారు. ఊరికే నిలబెడితే బ్యాటరీ దిగిపోతుందని, నాన్న రోజూ పొద్దున్నే వెళ్ళి కాసేపు ఇంజను ఆడించేవాడు. ఎదురుగా ఉన్న టీకొట్టాయన ఊరుకోలేదు.

“తమ్ముణ్ణి వాళ్ళు పట్టుకుపోతే, నువ్వు వాళ్ళ కారుకు సేవలు చేస్తున్నావా? సిగ్గనిపించట్లేదూ?”

“రేపు రాయబారి తిరిగొస్తే నీ సైకిలు మీద ఎక్కించుకు రమ్మంటావా?” అన్నాడు నాన్న.

ఒకరోజు ఆ ఇంజను చప్పుడు గోడ దాటి, రాయబారి వచ్చేశాడన్న మాటగా ఊరంతా పాకింది. బందీల ఇళ్ళ ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని గేటు దగ్గరకు పరుగెత్తుకొచ్చారు. “ఎవరూ రాలేదమ్మా. బ్యాటరీ కోసం నేనే తిప్పాను,” అని నాన్న చెప్పలేక చెప్పాడు. వాళ్ళ మొహాలు చూశాక, మర్నాడు కారు జోలికి పోలేదు.

ఆ సాయంత్రం, గేటు దగ్గరకొచ్చినవాళ్ళలో ఒక ముసలమ్మ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

“ఇవాళ చప్పుడు లేదేం నాయనా? ఇక అంతా అయిపోయిందేమోనని ముద్ద దిగలేదు నాకు.”

“లేనిపోని ఆశ పెట్టడం ఎందుకని, అమ్మా.”

“రాలేదని తెలిసే వింటున్నాంలే. నువ్వు తిప్పు.”

నాన్న మళ్ళీ తిప్పాడు. చలికాలం పోయింది. కాల్పులు ఆగాయి. ఎండలు ముదిరాక కబురొచ్చింది: కొత్త రాయబారి వస్తున్నారు, కారు నడుస్తుందా?

“నడవకేం!” అన్నాడు నాన్న.

విమానాశ్రయం నుంచి తిరిగొచ్చేసరికి గేటు ముందు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఎవరున్నా ఆపకుండా లోపలికి పోనివ్వాలన్నది నియమం. నాన్న ఆపాడు. దిగి వెళ్ళి వెనక తలుపు తీశాడు.

“అయ్యా, వీళ్ళ పిల్లలు మీ దేశంలో ఉన్నారు. మా తమ్ముడూ అక్కడే ఉన్నాడు.”

ఉద్యోగం ఊడినట్టేననుకున్నాడట. కొత్తాయన టోపీ తీసి కిందికి దిగాడు.

“నేను వచ్చిందే అందుకు. మొదటి మాట వాళ్ళ గురించే,” అన్నాడు.

వానలు పడకముందే చిన్నాన్న తిరిగొచ్చాడు, బక్కచిక్కి, గడ్డం మాసి. ఇంటికి తెచ్చుకోవడానికి అడిగితే కారు ఇచ్చేవారే. నాన్న అడగలేదు. బస్సులో కిటికీ పక్క సీటు తమ్ముడికిచ్చి, దారి పొడవునా ఆయన భుజం మీది చెయ్యి తియ్యలేదట. ఈ ముక్క మొన్న నాన్నను కాటికి సాగనంపి వచ్చాక చిన్నాన్నే నాతో చెప్పాడు.