ఉన్నదున్నట్టు గ్రేడులేసిన రూతమ్మ టీచర్

నిన్న పొద్దున బడిలో ప్రేయర్ జరుగుతుండగా ఫోన్ మోగింది. సారపాక నుంచి రూతమ్మ టీచర్ తమ్ముడు.

"అక్క పోయిందమ్మా."

పిల్లలు ప్రతిజ్ఞ చెబుతూనే ఉన్నారు. నాకు ఒక్క ముక్కా వినబడలేదు.

పోయిన వారమే మాట్లాడాను. రిటైరై రెండేళ్లయినా, కొత్త టెక్స్ట్ బుక్స్ వచ్చాయా అని అడిగారు. రాలేదంటే, ఎందుకు అడగట్లేదని నన్నే తిట్టారు.

ఆమె ఎవరో తెలియని ఫ్రెండ్స్ కోసం ఇది రాస్తున్నాను.

ఎనిమిదేళ్ల కిందట, భద్రాచలం దాటాక అడవిలో మా పక్క గూడెం బడికి ఆమె ఒక్కరే టీచర్. నేను ఇంటర్ పాసై విద్యా వాలంటీర్‌గా చేరాను. మాది కోయ ఇల్లు. హాస్టల్లో కోయ మాట్లాడితే దెబ్బలు పడేవి. అందుకని క్లాసులో నేను తెలుగు తప్ప మాట్లాడేదాన్ని కాదు.

టీచర్ మొదటి వారమే అది మాన్పించారు. ఒకటో క్లాసు నువ్వే తీసుకో, కోయలోనే చెప్పు అన్నారు.

ఆమెది ఖమ్మం. కోయ భాష పిల్లల దగ్గరే నేర్చుకున్నారు. తప్పు పలికితే పిల్లలు నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేవారు.

ఆ ఏడాది రీడింగ్‌లో పిల్లలందరికీ గ్రేడులు వేసి పంపమన్నారు. పైనుంచి విజిట్ ఉంది, ఎక్కువ మంది 'ఏ' గ్రేడులో ఉండాలని మీటింగులో చెప్పారు.

టీచర్ మాత్రం, చదివి అర్థం చెప్పలేని వాళ్లందరికీ సి వేశారు. సగానికి పైగా సి. పుస్తకం పిల్లల ఇంటి భాషలో లేదని కింద కారణం కూడా రాశారు.

నాకు భయమేసింది. ఆ మాటే చెప్పాను.

"అందరికి 'ఏ' వేస్తే, అన్నీ వచ్చినట్టే గదా నాగమణీ. ఇగ వీళ్లకు నేర్పాలని ఎవరనుకుంటరు?" అన్నారు.

వారం తిరగకుండా ఒక ఆఫీసర్ జీపులో వచ్చారు. మిగతా బళ్లలో లేని సమస్య మీకే ఎందుకొచ్చిందని గట్టిగా అడిగారు. టీచర్ మూడో క్లాసు కన్నమ్మను పిలిచి, బోర్డు మీద తెలుగు అక్షరాలతో ఒక కోయ వాక్యం రాయించారు. సార్‌ను చదవమన్నారు.

ఆయన తడుముకోకుండా చదివారు.

"మంచిగ చదివిండ్రు సార్. దాని అర్థం ఏందో చెప్పుండ్రి."

తనకు కోయ రాదన్నారు ఆయన.

"మా పిల్లలు గూడ గిట్లనే చదువుతున్నరు సార్. గిది చదువేనా?"

ఆయన జీపెక్కారు.

నెలలోపే టీచర్‌కు మెమో. వెంటనే దూరపు మండలానికి డిప్యుటేషన్. గూడెం వాళ్లు ఆఫీసుకు పోయి అడిగినా ఆర్డర్ మారలేదు. ఆ గ్రేడులు కూడా తర్వాత ఎవరో దిద్ది పంపారట. కాబట్టి ఆమె గెలిచారని నేను రాయలేను.

వెళ్లే రోజు ఏడుస్తారనుకున్నాను. నన్ను కూర్చోబెట్టి చార్టులు రాయించారు. పిల్లల పాటలు, అడవిలో దొరికే కాయల పేర్లు, అన్నీ కోయలో.

"పిల్ల లేచి నాకు సమజ్ కాలే అని భయం లేకుండ చెప్పాలె. బడి ఉన్నది గందుకే," అన్నారు.

ఆ చార్టులతోనే క్లాసు నడిపాను. తర్వాత ట్రైనింగ్, డీఎస్సీ. ఇప్పుడు నేనూ గవర్నమెంట్ టీచర్ని.

ఇవాళ సారపాకలో మట్టి వేసి వచ్చాను.

సోమవారం మండలం మీటింగ్ ఉంది. పిల్లలు తక్కువున్నారని ఒక గూడెం బడిని మూసేసి, వాగు అవతలి బడిలో కలుపుతారట. వానాకాలం చిన్నపిల్లలు ఆ వాగు దాటలేరు. లేచి ఈ మాట చెబుతాను. నాకూ మెమో రావచ్చు, తెలుసు. అయినా చెబుతాను.

టీచరమ్మా, టెక్స్ట్ బుక్స్ వచ్చాయా అని ఇక మీరు ఆరా తీసే పని లేదు. నెమ్మదిగా పడుకోండి.

ప్రభువు మీకు శాంతినివ్వాలి.