లడ్డూ గారి పథ్యం

సుభద్ర గారు కుక్కలకు బహువచనం వాడతారు, మనుషులకు వాడరు. ఆవిడ గురించి ముందుగా తెలియాల్సింది ఇదొక్కటే. మిగతా గొడవలన్నీ ఇందులోంచే పుట్టాయి.

దానికి ఆవిడ లెక్క ఆవిడకుంది. కుక్కకి ఏడేళ్ళు నిండితే మనిషికి యాభై దాటినట్టేనట. యాభై దాటినవాళ్ళని "ఒరేయ్, ఒసేయ్" అనడం మర్యాద కాదు కాబట్టి, ఏడో పుట్టినరోజు నుంచి ఆ జీవిని "మీరు" అనాలి, పేరు చివర "గారు" తగిలించాలి. ఢిల్లీ బడుల్లో ఏళ్ళ తరబడి హిందీ వ్యాకరణం చెప్పి, రిటైరై, నోయిడాలో ఫ్లాట్ కొనుక్కున్న మనిషి. వచనాల దగ్గర రాజీ పడమంటే పడరు. అపార్ట్‌మెంట్ల సొసైటీ గేటు దగ్గర పడుకునే ముసలి వీధికుక్కని "ఆప్ బైఠియే, మైఁ ఖానా లాతీ హూఁ" అంటారు, మీరు కూర్చోండి, భోజనం తెస్తానని. అదే గేటు దగ్గర నిలబడే గార్డుని "ఏయ్, తూ ఇధర్ ఆ" అంటారు, నువ్విటు రా అని.

పాపం, ఆ గార్డు ఒకసారి అదే సొసైటీలో ఉండే మురళీకృష్ణ దగ్గర వాపోయాడు కూడా. "సాబ్, నాకు మనవలున్నారు. మేడమ్ దగ్గర నాకు ఆప్ ఎప్పుడొస్తుంది?"

మురళీకృష్ణ ఏం చెబుతాడు? నలభై నాలుగేళ్ళ వయసు, ఐటీ కంపెనీలో మేనేజరు ఉద్యోగం, కింద పాతికమంది మనుషులు. సుభద్ర గారి దగ్గర మాత్రం అతను "ఏరా మురళీ". అతని కుక్క మాత్రం లడ్డూ గారు.

లడ్డూకి పదకొండేళ్ళు. లేత పసుపు రంగు లాబ్రడారు. పేరు పెట్టినప్పుడు అందరూ ముద్దుగానే పెట్టారు గానీ, రానురాను అది నిజంగానే ఆ ఆకారానికి వచ్చేసింది. మురళీ వాళ్ళింట్లో ఏది మిగిలితే అది లడ్డూకి. ఉల్లిపాయల సాంబారన్నం, వేయించిన అప్పడాలు, పండగొస్తే బొబ్బట్లు. పోయిన ఆగస్టులో మెట్టు ఎక్కలేక కూలబడితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. కాలేయం వాచింది, మోకీళ్ళు అరిగాయి, ఒళ్ళంతా కొవ్వు, పళ్ళు పుచ్చిపోయాయి. "ఇదే తిండి అయితే వచ్చే వేసవి దాటడం కష్టం" అన్నాడు డాక్టరు. మురళీ భార్య వాసవి అక్కడే ఏడ్చేసింది. మురళీ ఏడవలేదు గానీ కారు తాళాలు ఎక్కడ పెట్టాడో మర్చిపోయి, అరగంట వెతికాడు. అవి చేతిలోనే ఉన్నాయి.

సంగతి తెలిసి ఆ సాయంత్రమే సుభద్ర గారు స్టీలు డబ్బాతో దిగారు.

"ఏరా మురళీ, పెద్దాయన్ని ఏం చేశావురా?" అని, లడ్డూ ముందు చతికిలబడి గొంతు మార్చేశారు. "నమస్కారమండీ లడ్డూ గారూ. ఇవాళ్టి నుంచి మీ భోజనం నేను చూసుకుంటాను. మందు డాక్టరుది, ముద్ద నాది. సరేనా?"

లడ్డూ తోక ఊపింది. ఇంట్లో ఇంకెవరినీ ఆవిడ సరేనా అని అడగలేదు.

తోలు తీసి ఉడికించిన కోడి, గుమ్మడికాయ, క్యారెట్, పిడికెడు అన్నం. ఉప్పు లేదు, నూనె లేదు, ఉల్లి వెల్లుల్లి వాసన కూడా తగలకూడదు. ఆవిడ రుచి చూసి గానీ పెట్టరు. పైగా రెండు పూటలా నడక, మోకీళ్ళకు మర్దన, రోజూ పళ్ళు తోమడం. ఆ తోమే పని మురళీకి పడింది. సొసైటీ పచ్చిక మీద మోకాళ్ళ మీద కూర్చుని అతను లడ్డూ పళ్ళు తోముతుంటే, కూతురు సహస్ర దూరంగా జరిగిపోయేది. "పాపా, ప్లీజ్, మేరే ఫ్రెండ్స్ దేఖ్ రహే హైఁ!" అని, ఫ్రెండ్స్ చూస్తున్నారని తండ్రిని బతిమాలేది.

సిగ్గుకి అది మొదటి మెట్టు. రెండోది లిఫ్టు. లిఫ్టు నిండా జనం ఉండగా సుభద్ర గారు ఎక్కి "ఏరా, పెద్దాయనకి పొద్దున విరేచనం సాఫీగా అయిందా? గట్టిగానా, మెత్తగానా?" అని అడుగుతారు. తెలుగు ఎవరికీ రాదు కదా అని మురళీ గుండె దిటవు చేసుకునేలోగా, మిగతావాళ్ళు ఏమనుకుంటారోనని ఆవిడే అదంతా హిందీలో చెబుతారు.

ఇవన్నీ పైకి కనిపించే సిగ్గులు. మురళీకి లోపల ఇంకొకటుంది. అతను లడ్డూకి దొంగతనంగా బిస్కట్లు పెడుతున్నాడు.

గేటు బయట నవదీప్ భయ్యా బట్టీ ఉంది. మన పిండీ నెయ్యీ మనం పట్టుకెళితే బిస్కట్లు కాల్చి ఇస్తాడు, లేదంటే తను కాల్చినవి అమ్ముతాడు. ఆఫీసు క్యాబ్ దిగగానే మురళీ ఒక పొట్లం కట్టించుకునేవాడు. లడ్డూని నడకకని కిందికి దించి, బేస్‌మెంట్‌లో స్తంభం చాటుకి తీసుకెళ్ళి, దానికి రెండు పెట్టి తను రెండు తినేవాడు. రోజంతా మీటింగులు, ఇంటికొచ్చాక మళ్ళీ ఫోన్లు. లడ్డూ గుమ్మం దగ్గర అతని కోసమే కూర్చుని ఉంటుంది. ఆ మొహం చూసి ఉత్త చేతులతో ఎలా రావాలో అతనికి తెలియదు. నేనే దీని ప్రాణం తీస్తున్నాను అనుకుంటూనే జేబులో చెయ్యి పెట్టేవాడు. ఇంటికొచ్చాక వాసవి మొహం చూడలేకపోయేవాడు.

రెండో వారంలోనే సుభద్ర గారు లడ్డూ మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశారు. మురళీ సోఫాలో బిగుసుకుపోయాడు.

"లడ్డూ గారూ, మీరు బయట ఏదో తింటున్నారండీ. మీసాలకి నెయ్యి వాసనొస్తోంది. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. అలవాటు మానడం ఎంత కష్టమో నాకు తెలుసు. మీ మనసులో చెడ్డేమీ లేదని కూడా తెలుసు."

మురళీ తల వంచుకుని ఫోన్లో లేని మెసేజీ ఒకటి చదివాడు. కుక్కతోనే కదా మాట్లాడుతోంది అనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. మర్నాడు మళ్ళీ బట్టీకి వెళ్ళాడు.

కొన్నాళ్ళకి బిస్కట్ల రుచి మారింది. నెయ్యి లేదు, తీపి అంతకంటే లేదు. "ఏంటి భయ్యా ఇది, గడ్డిలా ఉంది" అంటే నవదీప్ "ఘీ మహంగా హో గయా సర్" అని నెయ్యి ధర మీదికి నెట్టి పక్కకి చూశాడు. లడ్డూ మాత్రం లొట్టలు వేసుకుంటూ తింది. మురళీ కూడా తిట్టుకుంటూనే తిన్నాడు.

ఇంతలో కార్తీకమాసం వచ్చింది. నోయిడా తెలుగువాళ్ళు పార్కులో వనభోజనాలు పెట్టుకున్నారు. వందమంది వరసల్లో కూర్చున్నారు, పులిహోర వడ్డన జరుగుతోంది. సుభద్ర గారు ఆ చివరి నుంచి కేకేశారు.

"ఏరా మురళీ! పెద్దాయన్ని తీసుకురాలేదేంరా? మళ్ళీ బాల్కనీలో కట్టేసి వచ్చావా?"

వడ్డించే గరిటె గాల్లో ఆగింది.

"లేదాంటీ, ఇంట్లోనే..." అని నసిగాడు మురళీ.

"ఇంట్లోనా? చుట్టాలొచ్చినప్పుడల్లా కట్టేశావు కదరా! ఇన్నాళ్ళూ మీ పాచి సాంబారే కదా ఆయనకి పడేసింది! ఆ కాళ్ళు ఎలా వణుకుతున్నాయో చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది."

భీమేశ్వరరావు గారు విస్తరి ముందు నుంచి లేచారు. కంటోన్మెంటులో సుబేదారుగా చేసి రిటైరైన మనిషి, మీసం ఇంకా డ్యూటీలోనే ఉంది. "ఏమయ్యా, కన్నతండ్రిని కట్టేస్తావా?"

"తండ్రి కాదండీ, కుక్క!"

"తండ్రిని పట్టుకుని కుక్కంటావా!"

వాసవి ఫోన్లో ఉన్న లడ్డూ ఫొటో వరసంతా తిప్పి చూపిస్తే గానీ గొడవ సద్దుమణగలేదు. తర్వాత జనం నవ్విన నవ్వులకి పార్కులో పావురాలు లేచిపోయాయి. భీమేశ్వరరావు గారు కూడా నవ్వి, మురళీ భుజం తట్టి కూర్చున్నారు.

మురళీ నవ్వలేకపోయాడు. బాల్కనీ నిజం, సాంబారు నిజం, కాళ్ళు వణకడం నిజం. తండ్రి అనుకున్నంతసేపూ తనని కొట్టేలా చూసిన జనం, కుక్క అనగానే వదిలేశారు. లడ్డూకి జరిగింది మాత్రం మారలేదు కదా అనుకున్నాడు. అయినా సాయంత్రం స్తంభం చాటున చెయ్యి జేబులోకే పోయింది.

ఫిబ్రవరిలో మళ్ళీ రక్తపరీక్ష చేయించారు. డాక్టరు కాగితం రెండుసార్లు చూసి, కాలేయం కుదుటపడిందన్నాడు, బరువు తగ్గింది, మోకీళ్ళు పర్వాలేదు. ఇలాగే చూసుకుంటే ఇంకో రెండు మూడేళ్ళు హాయిగా తిరుగుతుందన్నాడు. వాసవి ఈసారీ ఏడ్చింది. మురళీకి సంతోషం కంటే అనుమానం ఎక్కువైంది. రోజూ బిస్కట్లు మేపుతుంటే ఎలా బాగుపడింది?

ఆ ఆదివారం పచ్చిక మీద, సొసైటీలో కుక్కలున్న వాళ్ళందరి ముందూ సుభద్ర గారు మురళీ జబ్బ పట్టుకున్నారు. "చూడండర్రా! నా మాట తు.చ. తప్పకుండా విన్నవాడు వీడొక్కడే. వీణ్ణి చూసి నేర్చుకోండి!" అదే మాట హిందీలో కూడా చెప్పేసరికి అందరూ చప్పట్లు కొట్టారు. సహస్ర కూడా దగ్గరికొచ్చి కొట్టింది. భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది మురళీకి. లిఫ్టులో విరేచనం మాట ఇంతకంటే ఎంతో నయం.

ఇక మానేస్తానని చెప్పడానికి తిన్నగా బట్టీకి వెళ్ళాడు. అతను నోరు తెరిచేలోపే నవదీప్ చేతులు ఊపాడు. "ఆజ్ నహీఁ హై సర్. మేడమ్ కా ఆటా నహీఁ ఆయా." మేడమ్ పిండి రాలేదట, ఇవాళ బిస్కట్లు లేవట.

"ఏ మేడమ్?"

"వహీ, జో కుత్తోఁ కో ఆప్ బోల్తీ హైఁ." అదే, కుక్కల్ని మీరు అనే ఆవిడ.

ఆగుతూ ఆగుతూ మొత్తం చెప్పేశాడు. సెప్టెంబరు నుంచీ మేడమ్ ఓట్స్ పిండి, ఎండబెట్టిన గుమ్మడి పొడి కలిపి పంపుతోందట. మురళీ సార్ వస్తే అవే కట్టి ఇవ్వాలట, చెప్పకూడదట. చెబితే తనని ఈ జన్మలో ఆప్ అనదట.

మురళీ లడ్డూని వెంటబెట్టుకుని సుభద్ర గారి తలుపు కొట్టాడు. అతని మొహం చూడగానే ఆవిడకి అర్థమైపోయింది. "లోపలికి రండి లడ్డూ గారూ" అని పక్కకి తప్పుకున్నారు.

"నాకు చెప్పొచ్చు కదాంటీ. మొహం మీదే తిట్టాల్సింది."

"చెప్పానుగా. ఎన్నిసార్లు చెప్పానూ!"

"నాకెక్కడ చెప్పారు? మీరు చెప్పింది లడ్డూకి..." అంటూ ఆగిపోయాడు. తప్పు పట్టడం లేదన్న మాట, మనసులో చెడ్డ లేదన్న మాట, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఆ "మీరు" ఎవరికో అప్పటికి గానీ తెలియలేదు. తల ఎత్తలేకపోయాడు.

"తిడితే ఏం చేసేవాడివిరా? సిగ్గుపడి మానేసేవాడివి" అన్నారు సుభద్ర గారు మెల్లగా. "రోజు మొత్తం మీద నువ్వు ఆయన దగ్గర కూర్చునేది ఆ స్తంభం చాటునే. అదీ పోతే ఆయన గుమ్మం దగ్గర ఎవరి కోసం లేచి నిలబడతారు? ఈ వయసులో మందెంతో, గుమ్మడికాయెంతో, ఎదురుచూడ్డానికి ఒక మనిషి కూడా అంతేరా. నెయ్యి తీసెయ్యగలిగాను గానీ నిన్ను తీసెయ్యలేకపోయాను."

"నేనూ తిన్నానాంటీ అవి. రోజూ."

"తెలుసు. నీ పొట్ట కూడా తగ్గింది."

ఆవిడ వంటింట్లోంచి గుమ్మడి బిస్కట్ల డబ్బా తెచ్చి అతని చేతికిచ్చారు. "పెట్టు ఆయనకి. దాక్కోవక్కర్లేదు, ఇక్కడే పెట్టు."

మురళీ మూత తీశాడు గానీ చెయ్యి ముందుకు రాలేదు. "మీరు చూస్తుంటే సిగ్గుగా ఉందాంటీ."

సుభద్ర గారు కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని, కిందనున్న పార్కింగు కేసి చూస్తూ కూర్చున్నారు. వెనకాల డబ్బా చప్పుడైంది. కరకరమని నమిలిన శబ్దం వినిపించింది. కాసేపాగి ఇంకోటి వినిపించింది, ఈసారి కాస్త పైనుంచి.

ఆవిడ తల తిప్పకుండానే కేకేశారు.

"ఒరేయ్, అది కూడా ఆయనదేరా!"